దూరప్రయాణపు లారీ – అందులో మనిషికి దక్కిన చోటు

ఏ యంత్రం చరిత్ర చెప్పబోయినా ముందుగా దాని శక్తి చెప్పడం మనకు అలవాటు. ఇన్ని అశ్వశక్తులు, ఇన్ని టన్నులు, గంటకి ఇన్ని కిలోమీటర్లు అంటాం. అందులో తప్పేమీ లేదు. కాని రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్ ఖండంలో ఎదిగిన దూరప్రయాణపు లారీల సంగతి ఈ లెక్కలతోనే ముగిస్తే సగం కథ మిగిలిపోతుంది. ఆ లారీలను చాలావరకు ఒక్క మనిషే నడిపేవాడు. వారాల తరబడి అందులోనే కూర్చునేవాడు, తినేవాడు, పడుకునేవాడు. అతనికి ఆ యంత్రంలో ఎంత చోటు దక్కింది? ఎవరు ఇచ్చారు? ఎందుకిచ్చారు? ఈ ప్రశ్నలు చేతపట్టుకుని ఆ చరిత్రను స్థూలంగా పరిశీలిద్దాం. మధ్యలో ఒకటి రెండు లెక్కలు వస్తాయి. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ గుర్తున్నవారికి అవి చాలా తేలిక.

పుట్టుక

1896లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ తయారుచేసిన బండిని మొట్టమొదటి మోటారు లారీగా చెబుతారు. నాలుగు అశ్వశక్తుల ఇంజను, ఒకటిన్నర టన్నుల సరుకు. చూడటానికి గుర్రాలు విప్పేసిన సరుకుబండిలాగే ఉండేది. నడిపేవాడు కూడా బండివాడిలాగే ఎండకీ వానకీ బయటే కూర్చునేవాడు. గుర్రం పోయింది గాని బండివాడి పీట మాత్రం మారలేదు.

ఆ మరుసటి ఏడే, 1897లో, ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజెల్ తన ఇంజనును నడిపి చూపించాడు. గాలిని విపరీతంగా అదిమితే అది వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నూనె చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే మండుతుంది. సూత్రం ఇంతే. పెట్రోలు ఇంజనుకన్నా తక్కువ ఇంధనంతో ఎక్కువ పని జరుగుతుంది. అయితే ఆ తొలి డీజెల్ ఇంజను రోడ్డెక్కే వస్తువు కాదు, ఫ్యాక్టరీలో నిలబెట్టేంత భారీ యంత్రం. లారీలోకి ఎక్కడానికి పాతికేళ్ళు పట్టింది. 1923లో బెంజ్, 1924లో మాన్ కంపెనీలు డీజెల్ లారీలు చూపించాయి. 1927 నుంచి బాష్ కంపెనీ ఇంధనాన్ని కొలిచి చిమ్మే పంపును పెద్దయెత్తున తయారుచేయడంతో దారి సుగమమైంది. అప్పటికీ దూరపు సరుకంతా రైలుదే. ఊళ్ళో సరుకు, జిల్లాలో సరుకు లారీది. ఈ పంపకం తారుమారైంది యుద్ధం తర్వాతనే.

చట్టం వేసిన కొలత

యుద్ధంలో రైలు మార్గాలు, వంతెనలు దెబ్బతిన్నాయి. కొత్త కర్మాగారాలు రైలు స్టేషన్లకు దూరంగా వెలిశాయి. లారీలు పెరిగాయి, పొడవయ్యాయి, బరువెక్కాయి. అప్పుడు ప్రభుత్వాలు కల్పించుకున్నాయి. పశ్చిమ జర్మనీ రవాణా మంత్రి జీబోమ్ రైల్వేలను కాపాడాలని గట్టి ఆంక్షలు తెచ్చాడు. 1958 నుంచి లారీ, దాని వెనకాల ట్రైలర్ కలిపి మొత్తం పొడవు 14 మీటర్లు, మొత్తం బరువు 24 టన్నులు దాటకూడదన్నారు. పరిశ్రమ గగ్గోలు పెట్టింది. 1960లో ఆ నిబంధనలు సడలించారు. కాని అప్పటికే ఒక పాఠం అందరికీ అర్థమైపోయింది.

పాఠం చాలా చిన్నది. మొత్తం పొడవు మీద హద్దు గీస్తే, ఆ హద్దులో సరుకుకి ఎంత, ఇంజనుకి ఎంత, మనిషికి ఎంత అన్న పంపకం మొదలవుతుంది. సరుకు డబ్బు తెస్తుంది. ఇంజను లేకపోతే బండి కదలదు. ఇక సర్దుకోవలసింది మనిషే. అంతవరకు ఇంజను ముందు బానెట్టు కింద ఉండేది, డ్రైవరు దాని వెనక కూర్చునేవాడు. ఇప్పుడు క్యాబిన్ను తెచ్చి ఇంజను నెత్తిన పెట్టారు. ముక్కు పోయింది. ఒకటిన్నర మీటరు దాకా సరుకుకి కలిసొచ్చింది. డ్రైవరుకి మాత్రం కాళ్ళ పక్కన కాగుతున్న ఇంజను, చెవిలో దాని హోరు, పడుకోవాలంటే అడ్డంగా దాని గూడు. ఇంజను బాగుచేయాలంటే క్యాబిన్ లోపల మూత తీసి, సీట్ల మధ్య దూరి చెయ్యాలి. తర్వాత క్యాబిన్ను మొత్తంగా ముందుకు వంచే ఏర్పాటు రావడంతో మెకానిక్కులు బతికిపోయారు.

ఇటలీలో ఇంకో విశేషం. అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపున నడుస్తాయి, కాబట్టి స్టీరింగు ఎడమవైపు ఉండాలి. కాని భారీ లారీలకు చాలాకాలం కుడివైపే పెట్టారు. ఆల్ప్స్ పర్వతాల ఘాట్ రోడ్ల మీద ఎదురుబండి తప్పించేటప్పుడు చక్రానికీ లోయకీ మధ్య ఎంత జాగా ఉందో డ్రైవరు కళ్ళారా చూసుకోవాలని! 1952లో వచ్చిన ఫియట్ 682 ఆ కాలపు లారీలలో చిరాయువు. ఇటలీలోనే కాక ఆఫ్రికా దారుల్లో కూడా దశాబ్దాలపాటు నడిచింది.

పక్క వేసినవాళ్ళు

ఇరుకు క్యాబిన్ల కాలంలోనే కొందరు వేరేగా ఆలోచించారు. హాలెండులో డాఫ్ కంపెనీ 1962లో 2600 అనే లారీ తెచ్చింది. పెద్ద అద్దాలు, వెలుతురు, వెనకాల రెండు పడకలు. దేశాలు దాటి పోయే డ్రైవరు కోసమని మొదటినుంచీ ఆలోచించి కట్టిన క్యాబిన్ అది. అంతర్జాతీయ రవాణాకి ఈ లారీయే తల్లి అని డచ్చివాళ్ళు నేటికీ చెప్పుకుంటారు.

స్వీడన్ సంగతి మరీ ఆసక్తికరం. అది పొడవైన దేశం. జనం తక్కువ, చలి ఎక్కువ. పొడవు విషయంలో అక్కడి చట్టం ఉదారం. 1968లో హద్దు పెట్టినప్పుడు కూడా 24 మీటర్ల దాకా ఒప్పుకున్నారు. మరోపక్క డ్రైవరు ప్రాణం విషయంలో మాత్రం చట్టం కఠినం. 1960వ దశకం మొదటినుంచీ క్యాబిన్ను బరువైన లోలకంతో కొట్టి, పైకప్పు మీద బరువు మోపి, లోపల మనిషి బతికే చోటు మిగులుతుందా అని పరీక్షించేవారు. అలాంటి దేశంలో లారీలు బలంగా, వెచ్చగా, పడుకోవడానికి వీలుగా తయారవడంలో ఆశ్చర్యం లేదు. 1965లో వచ్చిన వోల్వో ఎఫ్-88, స్కానియా కంపెనీ 1968లో తెచ్చిన 110 ఈ కోవలోవి.

ఇవి బ్రిటన్‌లో దిగినప్పుడు ఏమైందో చూడండి. లేలాండ్, ఏ.ఇ.సి., ఫోడెన్, ఇ.ఆర్.ఎఫ్., అట్కిన్సన్ – ఎంతో పేరున్న కంపెనీలు. కాని అవి ప్రధానంగా ద్వీపంలో ఒక పగటి ప్రయాణానికి కట్టిన బండ్లు. రాత్రి డ్రైవరు రోడ్డు పక్క బసలో పడుకుంటాడని లెక్క. అటువంటి డ్రైవరు ఒక్కసారి స్వీడన్ లారీ ఎక్కి, హీటరు వేసుకుని, మెత్తటి సీటులో కూర్చుని చూశాక పాతదానికి తిరిగి వెళ్తాడా? డ్రైవర్ల మాట యజమానుల చెవిన పడింది. 1979లో సౌతాల్‌లోని ఏ.ఇ.సి. ఫ్యాక్టరీ మూతపడింది. ఆ పతనానికి యాజమాన్య లోపాలు, ఇంజను లోపాలు, కార్మిక వివాదాలు కూడా కారణాలే. అయినా మనిషి పక్కని లెక్కలోకి తీసుకోకపోవడం వాటిలో చిన్న కారణం మాత్రం కాదు.

సీలు వేసిన బండి

లారీ ఎంత మంచిదైనా ప్రతి సరిహద్దులోనూ ఆపి, టార్పాలిన్ విప్పి, సరుకు దించి చూసి, సుంకం కట్టమంటే దూరప్రయాణం సాగదు. దీనికి ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం ఆధ్వర్యంలో ఒక ఉపాయం పన్నారు. 1949లో తొలి ఒడంబడిక, 1959లో పూర్తి స్థాయి ఒప్పందం, 1975లో దానికి సవరించిన రూపం. దీని పేరు టి.ఐ.ఆర్. బయలుదేరిన చోటే కస్టమ్స్ వాళ్ళు సరుకు చూసి, సీలు వేస్తారు. లారీ వెంట ఒక పుస్తకం ఉంటుంది. దారిలోని ప్రతి దేశం సీలు చెక్కుచెదరలేదని చూసుకుని, పుస్తకంలో ఒక కాగితం చింపుకుని, ముద్ర వేసి పంపిస్తుంది. దారిలో సరుకు మాయమైతే సుంకం కట్టే పూచీ ఆయా దేశాల రవాణా సంఘాలది. నీలం పలక మీద తెల్లటి అక్షరాలతో టి.ఐ.ఆర్. అన్న గుర్తు అప్పటి లారీకి ఒక పతకంలాంటిది. మన దేశం ఈ ఒప్పందంలో చేరింది 2017లో.

దారులు కూడా తెరుచుకున్నాయి. 1963లో ఆస్ట్రియాలో బ్రెన్నర్ దారి మీద యూరోపా వంతెన, 1965లో ఫ్రాన్సు ఇటలీల మధ్య 11.6 కి.మీ. మౌంట్ బ్లాంక్ సొరంగం, 1980లో స్విట్జర్లండులో 16.9 కి.మీ. గొట్‌హార్డ్ రోడ్డు సొరంగం వచ్చాయి.

అశ్వశక్తి లెక్క

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. 38 టన్నుల లారీ. నూరు మీటర్లకి 6 మీటర్లు ఎక్కే ఘాట్ రోడ్డు. గురుత్వాకర్షణ వెనక్కి లాగే బలం సుమారు 22,400 న్యూటన్లు. టైర్ల ఘర్షణ మరో 2,600 అనుకుందాం. మొత్తం 25,000. ఇంజను 200 అశ్వశక్తులదైతే 147 కిలోవాట్లు. గేర్లలో పోయేది పోగా చక్రాలకి చేరేది సుమారు 125. శక్తిని బలంతో భాగిస్తే వేగం వస్తుంది. సెకనుకి 5 మీటర్లు, అంటే గంటకి 18 కి.మీ. అదే 350 అశ్వశక్తులైతే గంటకి దాదాపు 31 కి.మీ. ఇరవై కిలోమీటర్ల ఘాటు ఎక్కడానికి మొదటి లారీకి 67 నిమిషాలు, రెండోదానికి 38 నిమిషాలు. వెనకాల తోకలాగా పేరుకునే బండ్ల వరుస, గేరు మార్చి మార్చి నొప్పెట్టే భుజం – ఇవి లెక్కలోకి రాని లాభనష్టాలు.

350 అన్న అంకె ఊరికే తీసుకోలేదు. 1969లో స్కానియా తెచ్చిన 140 లారీ ఇంజను శక్తి అది. ఎనిమిది సిలిండర్లు 'వి' ఆకారంలో, 14 లీటర్ల పరిమాణం, టర్బో సహాయం. ఆనాటి యూరప్ లారీలలో అంత బలమైనది లేదు. మరుసటి ఏడు వోల్వో 330 అశ్వశక్తుల ఎఫ్-89తో జవాబు చెప్పింది. టర్బో అంటే పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువుతో ఒక చిన్న చక్రం తిప్పి, దాని సాయంతో ఇంజనులోకి ఎక్కువ గాలి కుక్కడం. వోల్వో 1954లోనే టైటన్ అనే లారీకి దీన్ని అమర్చింది. కుక్కిన గాలి వేడెక్కి పలచబడుతుంది కదా! 1973లో డాఫ్ తన 2800 లారీలో ఆ గాలిని మళ్ళీ చల్లబరిచి పంపింది. ఈ రెండు ఉపాయాలూ ఈనాడు ప్రతి భారీ లారీలోనూ ఉన్నాయి.

తూర్పు దారి

ఈ లారీలకు అసలు పరీక్ష యూరప్ బయట జరిగింది. 1964లో లండన్ నుంచి బయలుదేరిన ఒక గై వారియర్ లారీ కాబూల్ చేరింది. ఆ సాహసం లోంచే ఏషియన్ ట్రాన్స్‌పోర్ట్ అనే కంపెనీ, తర్వాతి పేరు ఆస్ట్రాన్, పుట్టింది. 1973లో చమురు ధర పెరిగి ఇరాన్‌కీ అరబ్ దేశాలకీ డబ్బు వచ్చిపడింది. సిమెంటు, యంత్రాలు, జనరేటర్లు అన్నీ ఒకేసారి కావాలి. రేవులు కిక్కిరిసిపోయి ఓడలు నెలల తరబడి లంగరు వేసుకుని నిలబడ్డాయి. దాంతో లారీకి గిరాకీ వచ్చింది. అదే ఏడు అక్టోబరులో ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ వంతెన తెరవడం కలిసొచ్చింది. లండన్ నుంచి టెహరాన్ సుమారు 5,500 కి.మీ. బ్రిటన్, జర్మనీ, హాలెండ్, స్వీడన్ లారీలతోపాటు హంగరీ ప్రభుత్వ సంస్థ హంగరోకామియోన్, బల్గేరియా సంస్థ సోమాట్ బండ్లు కూడా ఆ దారిలో బారులు తీరాయి.

తూర్పు టర్కీలో తాహిర్ కనుమ డ్రైవర్లకు సింహస్వప్నం. చలికాలంలో మంచు, జారుడు, పక్కన లోయ. డీజెల్‌లో మైనం లాంటి పదార్థం ఉంటుంది. చలి ముదిరితే అది గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోయి ఇంజను ఆగిపోతుంది. ట్యాంకు కింద మంట పెట్టి కరిగించుకునేవాళ్ళు. అలాంటి రాత్రి క్యాబిన్‌లో పడక, హీటరు ఉండటం విలాసం కిందికి వస్తుందా? అది లేనివాడికి తెల్లవారడమే అనుమానం. 1977లో బి.బి.సి. ఈ డ్రైవర్ల మీద 'డెస్టినేషన్ దోహా' అనే చిత్రం ప్రసారం చేసింది. 1979లో ఇరాన్ విప్లవం, 1980లో ఇరాన్-ఇరాక్ యుద్ధం రావడంతో ఆ వైభవం తగ్గుముఖం పట్టింది.

నిద్రకి చట్టం

లారీకి బలం వచ్చింది, దారి వచ్చింది. మరి నడిపేవాడికి అలసట రాదా? 1969లో ఆరు దేశాల యూరప్ ఆర్థిక సమాజం డ్రైవరు పని గంటలకు నియమం చేసింది. సాధారణంగా రోజుకి 8 గంటలకు మించి నడపరాదు. నియమాన్ని కాగితం మీద రాస్తే సరిపోదు కనుక 1970లో టాకోగ్రాఫ్ అనే పరికరాన్ని చట్టంలోకి తెచ్చారు. స్పీడోమీటరు వెనక మైనం పూసిన గుండ్రటి కాగితం ఇరవైనాలుగు గంటలకి ఒక చుట్టు తిరుగుతుంది. సన్నటి ముల్లు దాని మీద వేగం, దూరం, ఆగిన సమయం గీస్తుంది. బ్రిటన్‌లో డ్రైవర్ల సంఘాలు దీన్ని క్యాబిన్‌లో కూర్చోబెట్టిన గూఢచారి అని మండిపడ్డాయి. ప్రభుత్వం కూడా వాయిదా వేసింది. చివరికి 1979లో యూరప్ న్యాయస్థానం ఆ దేశానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పాక ఒప్పుకోక తప్పలేదు.

డ్రైవర్ల కోపంలో అర్థం ఉంది. కిలోమీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి గంటల హద్దు అంటే ఆదాయానికి హద్దు. కాని అదే కాగితం యజమాని ముందు డ్రైవరుకి సాక్ష్యం కూడా అయింది. "రేపు పొద్దుటికల్లా మిలాన్‌లో ఉండాలి" అన్నవాడికి "కుదరదండీ, డిస్కు ఒప్పుకోదు" అని చెప్పే వీలు దొరికింది. 1985 నాటి నియమం రోజుకి సాధారణంగా 9 గంటలు, నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం అంది. ఈ కొలతలు స్థూలంగా నేటికీ అమలులో ఉన్నాయి. మైనం కాగితం స్థానంలో 2006 నుంచి కొత్త లారీలకు డిజిటల్ పరికరం వచ్చింది.

ఆగి తీరాలన్నాక ఆగిన చోట పడుకోవాలి కదా! పొడవు పెంచడానికి వీల్లేదు. ఎత్తు మాత్రం 4 మీటర్ల దాకా ఉంది. 1979లో వోల్వో ఎఫ్-12కి గ్లోబ్‌ట్రాటర్ అనే ఎత్తు కప్పు క్యాబిన్ తెచ్చింది. డ్రైవరు లేచి నిలబడి ప్యాంటు తొడుక్కోగలిగాడు! మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 1990లో రెనో తెచ్చిన ఏ.ఇ. లారీలో, తర్వాత దాని పేరు మాగ్నమ్, క్యాబిన్ను ఇంజను పైకి పూర్తిగా ఎత్తేసి నేలను చదును చేశారు. ఇంజను గూడు అడ్డం పోయింది.

అయినా అత్యాశ ఆగలేదు. మరికొంత సరుకు పట్టాలని కొందరు క్యాబిన్ను బాగా కుదించి, పడకను కప్పు మీద పెట్టెలా బిగించారు. డ్రైవరు కప్పులోని కన్నం గుండా పైకి పాకి పడుకోవాలి. అప్పుడు యూరప్ చట్టం కొలిచే పద్ధతి మార్చింది. 1989, 1991 సవరణలలో మొత్తం పొడవుతోపాటు సరుకు భాగం పొడవుకి కూడా హద్దు పెట్టారు. 1991 నియమం ప్రకారం లారీ-ట్రైలర్ జంటకి మొత్తం 18.35 మీటర్లు. సరుకు మొదలైన చోటి నుంచి తోక దాకా 16 మీటర్లు. తీసివేస్తే 2.35 మీటర్లు. అది క్యాబిన్‌ది. దాన్ని కుదించినా సరుకుకి ఒక్క అంగుళం కలిసిరాదు. ముప్ఫయ్యేళ్ళ కిందట డ్రైవరు చోటు మింగిన చట్టమే, రెండు కొలతల మధ్య తీసివేతతో దాన్ని తిరిగి రాసిచ్చింది.

చివరికి కథ ఇంకో మలుపు తిరిగింది. క్యాబిన్ ఎంత హాయిగా తయారైందంటే, డ్రైవరును నెలల తరబడి అందులోనే ఉంచేయవచ్చని కొందరు యజమానులు కనిపెట్టారు. దాంతో 2017లో యూరప్ న్యాయస్థానం, 2020లో సవరించిన నియమం స్పష్టంగా చెప్పాయి: వారాంతపు పూర్తి విశ్రాంతి, అంటే 45 గంటలు, క్యాబిన్‌లో గడపరాదు. పక్క ఎంత మెత్తనిదైనా లారీ ఇల్లు కాదని చట్టం చెప్పవలసి వచ్చింది.

మన సంగతి

ఈ చరిత్ర మనకు మరీ పరాయిది కాదు. 1954 నుంచి 1969 దాకా టాటావారు బెంజ్ సహకారంతో లారీలు చేశారు. 1955 నుంచి లేలాండ్ భాగస్వామ్యంతో అశోక్ లేలాండ్ మన రోడ్లెక్కింది. ఇంజను అక్కడినుంచి వచ్చింది. క్యాబిన్ మాత్రం రాలేదు. చాలాకాలం కంపెనీ నుంచి ఉత్త ఛాసిస్సే వచ్చేది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బాడీ కట్టేవాళ్ళు చెక్కతో, రేకుతో తమ నేర్పు కొద్దీ గది కట్టి, వెనకాల ఒక బల్ల వేసి, రంగులద్ది ఇచ్చేవారు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. నెల్లూరు నుంచి నాగపూరు పోయే డ్రైవరును ఆపి ఆ చట్టం సంగతి అడిగితే నవ్వుతాడు. భారీ లారీల క్యాబిన్లలో ఏ.సి. తప్పనిసరి అని, 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే బండ్లకు వర్తించేలా కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది 2023 డిసెంబరులో.

రేపు మనలో కొందరు డ్రాయింగు బోర్డుల ముందు కూర్చుంటారు, కొందరు చట్టాలు రాసే చోట ఉంటారు, మరికొందరు లారీల యజమానులవుతారు. యూరప్ యాభయ్యేళ్ళలో నేర్చుకున్నది ఇది: హద్దు గీసేటప్పుడు మనిషి పేరు మీద చోటు విడిగా రాయకపోతే, అది సరుకు ఖాతాలోకి పోతుంది. ఆ 2.35 మీటర్ల తీసివేత ప్రతి ఇంజనీరింగు విద్యార్థీ ఒకసారి చేసి చూడదగిన లెక్క.